బడిమాట: స్టార్లు, పాయింట్లు, చింతగింజలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం పైగా స్టార్లు, పాయింట్లు, బహుమతుల గురించే. మూడింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. ఇళ్లు వేరు, బడులు వేరు అయినా మూడు ఉత్తరాలదీ ఒకటే బాధ. కాబట్టి మీది కాని జవాబు కూడా చదవండి.

ప్రశ్న: టీచర్ గారికి నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. బాబు నాలుగో తరగతి, పాప రెండు. ఇద్దరిదీ ఒకే ప్రైవేటు స్కూలు. ఈ ఏడాది నుంచి క్లాసు గోడకు స్టార్ల చార్టు పెట్టారు. హోంవర్క్ చేస్తే ఒక స్టార్, చెయ్యెత్తి జవాబు చెబితే ఒకటి, ఇంగ్లీషులో మాట్లాడితే ఒకటి. యాప్ కూడా ఉంది, అందులో ప్రతి శనివారం టాప్ టెన్ పేర్లు వస్తాయి. బాబు పేరు ఎప్పుడూ ఉంటుంది. మొదట్లో సంతోషించాం. వాడు ఇదివరకు రాత్రి పడుకునే ముందు కథల పుస్తకం తనంతట తనే తీసేవాడు. ఇప్పుడు పుస్తకం చేతికిస్తే "దీనికి ఎన్ని పాయింట్లమ్మా?" అంటున్నాడు. పాప పేరేమో ఎప్పుడూ చివర్లోనే. సోమవారం వచ్చిందంటే కడుపునొప్పి అంటుంది. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. స్కూలు మార్చాలా?
— ఒక తల్లి, తిరుపతి

జవాబు: అమ్మా, స్కూలు మార్చే సంగతి తర్వాత చూద్దాం. ముందు పాప. ఒకసారి డాక్టరుకు చూపించండి. ఏమీ లేదని తేలినా "నాటకాలాడుతోంది" అని మాత్రం అనకండి. భయం వల్ల పిల్లలకు నిజంగానే కడుపు నొస్తుంది. శనివారం లిస్టులో పేరు కింద పడితే సోమవారం ఆ క్లాసులోకి వెళ్లి కూర్చోవాల్సింది ఆ ఏడేళ్ల బిడ్డే కదా.

ఇక బాబు. "ఎన్ని పాయింట్లు" అని అడుగుతున్నాడంటే వాడికి ఆశ ఎక్కువైందని అనుకోకండి. స్కూలు నేర్పిన పాఠం వాడు బాగా నేర్చుకున్నాడు, అంతే. ఏ పని చేసినా దానికి ఒక రేటు ఉంటుందని గోడ మీద రోజూ చూస్తున్నాడు. రేటు లేని పని కథల పుస్తకం. ఇక అది ఎందుకు చదవాలి?

ఇది మీ ఇంట్లో మాత్రమే జరిగింది కాదు. 1973లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ బడిలో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు ఒక ప్రయోగం చేశారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే ముందునుంచీ ఇష్టమున్న పిల్లల్ని ఎంచుకున్నారు. కొందరికి "బొమ్మ వేస్తే బంగారు స్టారూ ఎర్ర రిబ్బనూ ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా, వేసిన తర్వాత ఇచ్చారు. ఇంకొందరికి ఏమీ లేదు. తర్వాత కొన్నాళ్లకు క్లాసులో స్కెచ్ పెన్నులు ఊరికే పెట్టి చూశారు. ముందే బహుమతి మాట చెప్పి వేయించిన పిల్లలు మిగతా వాళ్లలో సగం సేపే బొమ్మలు వేశారు. బహుమతి కోసం వేసిన బొమ్మలు కూడా లెక్కకు ఎక్కువే గానీ అంత శ్రద్ధగా వేసినవి కావు. చెప్పకుండా ఇచ్చిన వాళ్లకు మాత్రం ఏ నష్టమూ జరగలేదు.

అంటే తప్పు స్టార్‌ది కాదు. "ఇది చేస్తే అది ఇస్తా" అన్న బేరం ఇష్టాన్ని తినేస్తుంది. అదీ అప్పటికే ఇష్టమున్న పని విషయంలో. ఇష్టం లేని పనికి, ఉదాహరణకు రాత్రి పళ్లు తోముకోవడానికో, బ్యాగు సర్దుకోవడానికో, కొన్నాళ్లు స్టార్ పెట్టి అలవాటు చేస్తే నష్టమేమీ లేదు. పోవడానికి అక్కడ ఇష్టం ఉంటే కదా. 1999లో డెసి, కోస్ట్నర్, ర్యాన్ అనే పరిశోధకులు ఇలాంటి 128 ప్రయోగాల్ని ఒకచోట పెట్టి చూసినప్పుడు కూడా ఇదే తేలింది. ముందే మాటిచ్చిన వస్తువు పిల్లల ఆసక్తిని తగ్గిస్తుంది. ఆ నష్టం కాలేజీ వాళ్లకన్నా చిన్నపిల్లలకే ఎక్కువ.

టాప్ టెన్ లిస్టు గురించి నాకు మొహమాటం లేదు. అది తీసేయాలి. నలభై మంది క్లాసులో పది మందికి సంతోషం, ముప్పై మందికి ప్రతి శనివారం ఓటమి. ఆ పది మందీ దాదాపు ప్రతి వారం వాళ్లే. పైన ఉన్నవాడు జారిపోతానేమోనని తేలిక ప్రశ్నలకే చెయ్యెత్తుతాడు, కింద ఉన్న పిల్ల చెయ్యి ఎత్తడమే మానేస్తుంది. చదువు ఇద్దరికీ తగ్గుతుంది.

పేరెంట్స్ మీటింగ్‌లో గొడవ పెట్టుకోవద్దు. క్లాస్ టీచర్‌ను విడిగా కలవండి. ఆ చార్టు పెట్టమన్నది ఆమె కాకపోవచ్చు. "మేడమ్, మా ఇద్దరి పాయింట్లు లిస్టులో కాకుండా మాకు మాత్రమే కనిపించేలా పెట్టగలరా? పాప పోయిన నెలకన్నా ఈ నెల ఏం నేర్చుకుందో చెబుతారా?" అని ఈ రెండే అడగండి. మీలాంటి తల్లులు నలుగురైదుగురు ఇదే మాట నెమ్మదిగా అడిగితే స్కూలు వింటుంది. అప్పటికీ వినకపోతే, పాప కడుపునొప్పి తగ్గకపోతే, అప్పుడు స్కూలు మార్చండి.

ఇంట్లో యాప్ నోటిఫికేషన్లు ఆపేయండి. రాత్రి పుస్తకం వాడి చేతికివ్వకండి, మీరే తీసి పైకి చదవండి. పాప కూడా పక్కన పడుకుంటుంది కదా. కథ మంచి పట్టుమీద ఉన్నప్పుడు "నాకు నిద్రొస్తోంది" అని పుస్తకం మూసి వాడి దిండు పక్కన పెట్టి లైటు మాత్రం ఆర్పకుండా వెళ్లండి. మొదటి రోజే తీస్తాడని చెప్పను. కానీ పాయింట్ల మాట లేకుండా తీసే రోజు వస్తుంది. ఆ రోజు మాత్రం "శభాష్, చదివావే!" అని పట్టుకోకండి. పొద్దున లేచాక "ఆ తర్వాత ఏమైందిరా?" అని అడగండి చాలు.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను బంగారుపాళ్యం మండలంలో ప్రాథమిక పాఠశాల టీచర్‌ని. ఐదు తరగతులకు ఇద్దరమే ఉన్నాం. ట్రైనింగ్‌లో గేమిఫికేషన్ గురించి, అంటే పాఠాన్ని పాయింట్లు, బ్యాడ్జీలతో ఆటలా నడపడం గురించి చెప్పారు. అవన్నీ యాప్‌లు, స్క్రీన్లు. మా బడిలో నెట్ సరిగా అందదు. అందుకని ఎక్కాలు అప్పజెప్పిన వాళ్లకు నా డబ్బుతో పెన్సిళ్లు, చాక్లెట్లు ఇస్తున్నాను. తెచ్చిన రోజు బాగానే ఉంది. తేని రోజు ఎవరూ లేవడం లేదు. ఖర్చు లేకుండా ఏం చేయవచ్చు?
— ఒక ఉపాధ్యాయుడు, చిత్తూరు జిల్లా

జవాబు: సార్, సొంత డబ్బు పెట్టి పిల్లల కోసం తాపత్రయపడే మీలాంటి వాళ్లను చూస్తే ధైర్యంగా ఉంటుంది. పెన్సిళ్లు తేవడం మానకండి, కానీ ఎక్కాలకు ముడిపెట్టకండి. పెన్సిలు లేని పిల్లకు పెన్సిలు ఇవ్వండి.

ట్రైనింగుల్లో ఒకటి సరిగా చెప్పడం లేదని నా అభిప్రాయం. ఆట వేరు, బహుమతి వేరు. యాప్‌లలో పాయింట్లు, బ్యాడ్జీలు చూసి అదే ఆట అనుకుంటున్నారు. మీ బడి వసారాలో గోలీలాడే పిల్లాడికి ఎవరు పాయింట్లు ఇస్తున్నారు? గురి తప్పిందని ఆ క్షణమే వాడికి తెలుస్తుంది. ఓడితే అవమానం లేదు, మళ్లీ వంతు వస్తుంది. పక్కవాడు చెబితే నేర్చుకుంటాడు. ఆటలో పట్టు ఇదే. ఈ మూడూ లేని పాఠానికి చాక్లెట్ తగిలిస్తే అది ఆట అయిపోదు.

మీకు స్క్రీన్ అక్కర్లేదు. మన జిల్లాలో చింతచెట్టు లేని ఊరు లేదు. వామన గుంటలు ఆడించండి.

చంద్రగిరి వైపు ఒక బడిలో నేను లెక్కలు చెప్పినప్పుడు ఆరో ఎక్కం దగ్గర నోరు మెదపని పిల్ల ఒకతి ఉండేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారా పక్కన మట్టిలో రెండు వరసలుగా ఏడేసి గుంటలు తీసి ఆడేది. ఆ ఆట మీకు తెలిసే ఉంటుంది. ఒక గుంటలో గింజలన్నీ చేతిలోకి తీసుకుని వరసగా ఒక్కో గుంటలో ఒక్కటి వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే పక్క గుంటలోవి తీసి సాగాలి. పక్క గుంట ఖాళీ అయితే దాన్ని వేలితో తుడిచి, దాని అవతలి గుంటలో ఉన్నవి గెలుచుకోవాలి. ఆ పిల్ల గింజలు తీయకముందే గుంటల మీదుగా చూపుడువేలు గాల్లో ఆడించేది. పెదవులు కదిలేవి. "ఇదొద్దు, అది తీస్తే అక్కడ ఆగుతాను" అనుకుని వేరే గుంట తీసేది. నాలుగైదు గుంటల అవతల ఏం జరుగుతుందో మనసులో లెక్క వేసి చూసుకునే బిడ్డ అది. లెక్కలు రాని పిల్ల అని రిజిస్టరు చెబుతోంది, వేలు వేరే చెబుతోంది. అప్పటినుంచి ఎక్కాలు ఆ గుంటల దగ్గరే మొదలుపెట్టాను.

మీరూ అట్లా చేయండి. ఆట మొదలుపెట్టే ముందు "గుంటకు ఐదు చొప్పున 14 గుంటలకు ఎన్ని గింజలు కావాలి? పోయి లెక్కబెట్టి తెండి" అనండి. 70 తెచ్చిన జట్టు ఆట మొదలుపెడుతుంది, 65 తెచ్చిన జట్టుకు ఒక గుంట ఖాళీగా కనిపిస్తుంది. తప్పని మీరు చెప్పే పనే లేదు. నాలుగు, ఐదు తరగతుల వాళ్లకు 24 గింజలిచ్చి ఎన్ని గుంటల్లో సమానంగా పంచగలరో చూడమనండి. 2, 3, 4, 6, 8, 12 గుంటల్లో సరిపోతాయి. ఐదు గుంటల్లో పంచితే నాలుగు మిగులుతాయి. మరుసటి రోజు ఒక గింజ తీసేసి 23 ఇవ్వండి. రెండు గుంటల నుంచి పద్నాలుగు దాకా ఎట్లా పంచినా మిగులుతూనే ఉంటాయి. పిల్లలు విసుక్కోరు, పట్టుబడతారు. "ఇది పాడు లెక్క మిస్!" అని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చిన పిల్లలున్నారు. ప్రధాన సంఖ్య అనే మాట ఆ తర్వాత చెబితే చాలు.

పులిజూదం కూడా మంచిదే. మూడు పులులు, పదిహేను మేకలు, సుద్దముక్కతో బండ మీద గీసుకుంటే అయిపోతుంది. మేకల వైపు ఆడేవాడు జట్టుగా ఆలోచించక తప్పదు. వాళ్లు వీళ్లని లేకుండా పెద్ద తరగతి పిల్లాడినీ చిన్న తరగతి పిల్లాడినీ ఒకే వైపు కూర్చోబెట్టండి.

ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు అన్నారు. దీనికి దారి మనకు దగ్గర్లోనే ఉంది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో ఒక్క గది బడులు నడిపి ఒక పద్ధతి తయారుచేశారు. పాఠాల్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, గోడకు ఒక నిచ్చెన బొమ్మ పెడతారు. పిల్ల ఏ మెట్టు మీద ఉందో తనే చూసుకుని తన కార్డు తీసుకుంటుంది. ముందు కొత్త సంగతి, తర్వాత అభ్యాసం, ఆ తర్వాత తనిఖీ. రాకపోతే ఇంకో కార్డు, వస్తే పై మెట్టు. వారం రోజులు జ్వరంతో బడికి రాకపోతే ఆగిన మెట్టు నుంచే మొదలు. తర్వాత ఈ పద్ధతి తమిళనాడు ప్రభుత్వ బడుల్లోకి కూడా వెళ్లింది. ముందుకు పోతున్నానని పిల్లకు తెలుస్తుంది, పక్కవాణ్ణి తోసి ముందుకు పోవాల్సిన అవసరం ఉండదు. పోలికను, బహుమతి ఆశను, శిక్ష భయాన్ని జీవితమంతా వ్యతిరేకించిన జిడ్డు కృష్ణమూర్తి మదనపల్లెలోనే పుట్టారు, ఆ విద్యాలయం ఆయన స్థాపించిందే. వీలుంటే ఒకసారి ముందుగా అడిగి వెళ్లి చూసి రండి. మీరూ మీ తోటి టీచరూ ఒక్క లెక్కల పాఠానికి పాత క్యాలెండర్ అట్టల మీద ఇట్లాంటి కార్డులు రాసుకుని చూడండి. అన్ని పాఠాలకూ ఒకేసారి మొదలుపెడితే మీరే అలసిపోతారు.

ఇక మెచ్చుకోవడం. అది మానొద్దు, కానీ "వెరీ గుడ్" అని ఊరుకోకండి. "నిన్న ఏడు ఎనిమిదుల దగ్గర ఆగావు, ఇవాళ ఏడు ఏడులకు ఒక ఏడు కలిపి చెప్పావు, చూశాను" అనండి. సార్ చూశారు అన్నది ఆ పిల్లలకు చాక్లెట్ కన్నా చాలా ఎక్కువ.

ప్రశ్న: నమస్కారమమ్మా. చిత్తూరులో రిటైర్డ్ ఉద్యోగిని. మనవడు పదో తరగతి. 600కి 550 దాటితే బైక్ కొనిస్తానని వాళ్ల నాన్న మాటిచ్చాడు. వాడు చదువుకన్నా బైక్ వీడియోలే ఎక్కువ చూస్తున్నాడు. నేనేం చేయాలి?
— ఒక తాత, చిత్తూరు

జవాబు: అన్నయ్య గారూ, మొదట చట్టం సంగతి. గేర్లున్న బండికి 18 నిండితేనే లైసెన్సు. పదో తరగతి పిల్లాడికి బండి ఇవ్వడం ప్రాణంతో ఆడుకోవడమే. ఈ మాట మీ అబ్బాయికి మీరే గట్టిగా చెప్పండి.

మార్కులకు కట్టే బహుమతి పనిచేయకపోవడానికి కారణం ఉంది. రోలాండ్ ఫ్రైయర్ అనే ఆర్థికవేత్త అమెరికా బడుల్లో పిల్లలకు నిజంగా డబ్బులిచ్చి చూశాడు. న్యూయార్క్‌లో పరీక్ష మార్కులను బట్టి డబ్బు ఇచ్చారు, మార్కులు పెరగలేదు. డల్లాస్‌లో రెండో తరగతి పిల్లలకు ఒక్కో పుస్తకం చదివి చిన్న క్విజ్ రాస్తే 2 డాలర్లు ఇచ్చారు, చదివి అర్థం చేసుకోవడం మెరుగుపడింది. మార్కులు ఎట్లా తెచ్చుకోవాలో పిల్లలకు తెలియదు, పుస్తకం తెరవడం తెలుసు. మీ మనవడికీ 550 కనిపిస్తోంది గానీ రేపు సాయంత్రం ఆరింటికి ఏం చేయాలో కనిపించడం లేదు.

అది మీరు చూపించగలరు. రిటైరయ్యారు కాబట్టి టైముంది. రోజూ ఒక గంట వాడి పక్కన కూర్చోండి. మీకు పాఠం రానక్కర్లేదు. ఆ రోజు చదివింది మీకు చెప్పమనండి, అర్థం కాని చోట నిజంగానే "అర్థం కాలేదురా, మళ్లీ చెప్పు" అనండి. తాతకు చెప్పాలంటే ముందు తనకు అర్థం కావాలి. పరీక్షలయ్యాక, మార్కులు రాకముందే, ఒక మంచి సైకిల్ కొనివ్వండి. రిజల్ట్స్ దాకా ఆగొద్దు.