పైన్ ఆకుల సారం: గాఢత పెంచితే ఫలితం తగ్గుతోందేం?

ప్రశ్న: పైన్ ఆకులను ఎండబెట్టి, మిథనాల్‌లో నానబెట్టి సారం తీశాం. డీపీపీహెచ్ పరీక్షలో యాంటీఆక్సిడెంట్ శక్తి చూస్తే, సారం గాఢత పెంచిన కొద్దీ శాతం పెరగాల్సింది పోయి తగ్గింది. పొరపాటు ఎక్కడ?

జవాబు: చాలావరకు పొరపాటు రంగుదే. డీపీపీహెచ్ ఊదారంగు ద్రావణం. యాంటీఆక్సిడెంట్ తగిలితే పసుపుపచ్చగా మారుతుంది. ఆ ఊదా ఎంత తగ్గిందో 517 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం. మీ సారంలోని పత్రహరితం కూడా అక్కడ కొంత కాంతిని పీల్చుకుంటుంది. గాఢత పెరిగితే ఆ వాటా కూడా పెరిగి, ఊదా ఇంకా మిగిలి ఉన్నట్టు యంత్రం చూపిస్తుంది. అందుకే ప్రతి గాఢతకూ విడిగా ఒక బ్లాంక్ పెట్టండి: అంతే సారం, డీపీపీహెచ్ బదులు ఉత్త మిథనాల్. ఆ రీడింగును అసలు రీడింగులోంచి తీసేశాకే, కంట్రోల్‌తో పోలిస్తే ఊదా ఎంత శాతం తగ్గిందో లెక్కకట్టాలి.

రెండో అనుమానం మైనం మీద. పైన్ లాంటి సూదాకుల చెట్ల (కోనిఫర్ల) ఆకులకు పైన మైనపు పూత, లోపల జిగురు ఉంటాయి. ఇవి పరీక్షనాళికలో మసకగా తేలి కాంతిని చెదరగొడతాయి. 1 గ్రాము పొడిని ముందు మైనాన్ని కరిగించే హెక్సేన్ 10 మిల్లీలీటర్లలో రెండు గంటలు కలిపి, వడకట్టి, ఆ హెక్సేన్ పారవేయండి. పొడి ఆరాక 70 శాతం ఇథనాల్ 20 మిల్లీలీటర్లు పోసి, చీకట్లో 24 గంటలు ఉంచండి. పాలీఫినాళ్లకు (ఆకులోని యాంటీఆక్సిడెంట్ పదార్థాలకు) ఉత్త ఆల్కహాలు కన్నా కొంచెం నీళ్లు కలిసినదే బాగా పనిచేస్తుంది. ఆకులను నీడలోనే ఎండబెట్టాలి. వేడి 40 డిగ్రీలు దాటనివ్వకండి, సారాన్ని ఇగరబెట్టేటప్పుడు కూడా.

ఇక పరీక్ష. 3.94 మిల్లీగ్రాముల డీపీపీహెచ్‌ను 100 మిల్లీలీటర్ల మిథనాల్‌లో కరిగిస్తే 0.1 మిల్లీమోలార్ ద్రావణం వస్తుంది. ఏ రోజుకారోజే చేసుకోవాలి, వెలుతురు తగలకూడదు. ఇందులో 2.9 మిల్లీలీటర్లకు 0.1 మిల్లీలీటరు సారం కలిపి, 30 నిమిషాలు చీకట్లో ఉంచి కొలవండి. పోలిక కోసం పెట్టే నాళికలో (కంట్రోల్) సారానికి బదులు అంతే 70 శాతం ఇథనాల్ పోయాలి. చాలామంది తప్పేది ఒకటుంది: మిల్లీలీటరుకు 1000 మైక్రోగ్రాములున్న సారం ఈ నాళికలో 30 రెట్లు పలచబడి 33.3 అవుతుంది. ఐసీ50 (ఊదాను సగానికి తగ్గించే గాఢత) రాసేటప్పుడు పోసిన సారం గాఢత వాడారో, నాళికలోని గాఢత వాడారో తప్పక చెప్పండి. ఆ అంకె ఎంత చిన్నదైతే సారం అంత బలమైనదని అర్థం. అదే రోజు, అదే ద్రావణంతో ఆస్కార్బిక్ ఆమ్లాన్ని (విటమిన్ సి) కూడా పరీక్షిస్తేనే పోల్చడానికి వీలుంటుంది.

ప్రశ్న: ఫలితం బాగా వస్తే ఈ ఆకులతో కషాయం కాచుకుని తాగవచ్చా?

జవాబు: ఈ పరీక్షను నమ్ముకుని తాగకండి. నాళికలో ఒక రసాయనం రంగు మారడం వేరు, పేగులు, కాలేయం దాటి శరీరంలో పనిచేయడం వేరు. 1536లో ఫ్రెంచి అన్వేషకుడు జాక్ కార్టియే నావికులు కెనడాలో స్కర్వీ (విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు) నుంచి బయటపడింది అక్కడి ప్రజలు చూపిన కోనిఫర్ చెట్టు కషాయంతోనే. కానీ ఆ ప్రజలకు తమ చెట్టు ఏదో కచ్చితంగా తెలుసు. సూదుల్లాంటి ఆకులున్న చెట్లన్నీ ఒకటి కావు. యూ చెట్టు ఆకుల్లోని టాక్సీన్ అనే విష ఆల్కలాయిడ్లు గుండెను ఆపేయగలవు. థూజా అనే మరో కోనిఫర్ ఆకుల్లోని థుజోన్ మూర్ఛ తెప్పించగలదు. పరీక్షకైనా సరే, వృక్షశాస్త్రజ్ఞుడు జాతిని నిర్ధారించాకే ఆకు కోయండి, ఆ కొమ్మను హెర్బేరియం నమూనాగా (ఎండబెట్టి అదిమి) భద్రపరచండి.