ఒకే నెట్‌వర్క్‌లో రెండు డొమైన్లు కుదురుతాయా?

ప్రశ్న: మా కంపెనీ ఈమధ్య ఓ చిన్న సంస్థను కొన్నది. వాళ్ల ఉద్యోగులు మా ఫ్లోర్‌లోకే వచ్చేశారు. రెండు ఆఫీసులకూ వేర్వేరు యాక్టివ్ డైరెక్టరీ డొమైన్లున్నాయి (ఉద్యోగుల లాగిన్లనూ పీసీలనూ ఒకచోట నుంచి నడిపే విండోస్ ఏర్పాటు). ఒకే స్విచ్‌కు కలిపితే దెబ్బలాడుకుంటాయా?

జవాబు: దెబ్బలాడుకోవు. డొమైన్‌కూ కేబుల్‌కూ ముడి లేదు. ఒకే సబ్‌నెట్‌లో (నెట్‌వర్క్‌లోని ఒకే భాగంలో) రెండు మూడు డొమైన్లున్నా హాయిగా నడుస్తాయి. పేర్లు మాత్రం కలవకూడదు, పొట్టిగా ఉండే నెట్‌బయాస్ పేర్లతో సహా.

చిక్కంతా పేరు చెబితే అడ్రస్ ఇచ్చే డీఎన్ఎస్ దగ్గరే. పీసీ తన డొమైన్ కంట్రోలర్ (లాగిన్లు సరిచూసే సర్వర్) ఎక్కడుందో డీఎన్ఎస్‌లోని ఎస్ఆర్‌వీ రికార్డులు (ఏ సేవ ఏ సర్వర్‌లో ఉందో చెప్పేవి) చూసి తెలుసుకుంటుంది. పీసీలకు నెట్‌వర్క్ అడ్రసులు పంచే మీ డీహెచ్‌సీపీ సర్వర్ వాళ్ల పీసీలకూ మీ డీఎన్ఎస్ అడ్రసే ఇస్తుంది. దానికేమో వాళ్ల డొమైన్ ఊసే తెలియదు.

ఇక్కడే చాలామంది మొదటి డీఎన్ఎస్‌గా తమది, రెండోదిగా అవతలివాళ్లది పెట్టేసి చేతులు దులుపుకొంటారు. అది పనిచేయదు. మొదటి సర్వర్ 'అలాంటి పేరు లేదు' అందంటే విండోస్‌కు అదే జవాబు. మొదటిది అసలు పలక్కపోతేనే రెండోదాన్ని అడుగుతుంది. తమాషా ఏంటంటే, ల్యాప్‌టాప్‌లో దాచి ఉంచిన పాత వివరాలతో లాగిన్ మాత్రం అయిపోతుంటుంది. గ్రూప్ పాలసీ (డొమైన్ పీసీలకు పంపే సెట్టింగులు) రాకపోతేనో, మార్చిన పాస్‌వర్డ్ తీసుకోకపోతేనో గానీ బండారం బయటపడదు. రెండో డీఎన్ఎస్‌గా గూగుల్ వాళ్ల 8.8.8.8 పెట్టేవాళ్లదీ ఇదే కథ.

విండోస్ సర్వర్ 2003 నుంచీ కండిషనల్ ఫార్వర్డర్ ఉండనే ఉంది. 'ఆ డొమైన్ గురించి అడిగితే ఆ సర్వర్‌కు పంపు' అని రెండు వైపులా రాసిపెట్టండి. నన్నడిగితే వాళ్లకు వేరే వీలాన్ (అదే స్విచ్‌లో విడిగా నడిచే నెట్‌వర్క్) ఇచ్చి, దాని డీహెచ్‌సీపీ స్కోప్‌లో (అడ్రసుల పంపకం సెట్టింగుల్లో) వాళ్ల డీఎన్ఎస్ అడ్రసే పంచడం ఇంకా మేలు. ఆ ఫ్లోర్ ప్రింటర్ల కోసం కొంచెం రూటింగ్ పని పడుతుంది, అంతే.

ట్రస్ట్ (ఒక డొమైన్ లాగిన్లను ఇంకోటి నమ్మడం) మాటకొస్తే, వాళ్లు మీ ఫైల్ సర్వర్లు వాడాల్సి వస్తేనే పెట్టండి, అదీ ఒకవైపుదే. రెండింటినీ ఒకే ఫారెస్ట్‌లోకి (ఒకే డొమైన్ల గుంపులోకి) తెచ్చేద్దామని ఎవరైనా తొందరపెడితే ఒప్పుకోకండి. భద్రతకు అసలు సరిహద్దు ఫారెస్టే, డొమైన్ కాదు. ఒకే ఫారెస్ట్ అయితే, వాళ్ల అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి చేతికైనా చిక్కితే మీ డొమైన్‌కూ ముప్పే.

అన్నీ అయ్యాక వాళ్ల పీసీ ఒకదానిలో ఎన్ఎల్‌టెస్ట్ కమాండ్‌తో డొమైన్ కంట్రోలర్‌ను వెతికించి చూడండి. వాళ్ల సర్వర్ పేరు వస్తే మిగతావాళ్లనూ కలిపేయొచ్చు.