రాడార్ బాగున్నా విమానాలెందుకు ఆగాయి?

ప్రశ్న: 2025 నవంబర్ 7న ఢిల్లీలో 800కు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. పాడైంది రాడార్ కాదట. మరి ఏమిటి? బ్యాకప్ ఉండదా?
– ఒక పాఠకుడు, మెహదీపట్నం, హైదరాబాద్

జవాబు: ఆగింది ఏఎంఎస్‌ఎస్. విమానాల సమాచారాన్ని చేరాల్సిన చోటికి చేర్చే మెసేజ్ స్విచ్ అది. బయల్దేరే ముందు ప్రతి విమానానికీ ఫ్లైట్ ప్లాన్ దాఖలవుతుంది: కాల్‌సైన్ (రేడియోలో ఆ విమానాన్ని పిలిచే పేరు), విమానం రకం, సమయం, వేగం, ఎత్తు, మార్గం. ప్రతి కేంద్రానికీ ఎనిమిది అక్షరాల చిరునామా ఉంటుంది. శంషాబాద్‌వి 'వీఓహెచ్‌ఎస్'తో మొదలవుతాయి. ప్లాన్ చేరాక కంట్రోల్ కేంద్రంలోని కంప్యూటర్ దాన్ని విమానం పంపే నాలుగంకెల స్క్వాక్ కోడ్‌తో జతచేస్తుంది. రాడార్ తెర మీది చుక్క ఏ విమానానిదో, ఎటు వెళ్తుందో కంట్రోలర్‌కు తెలిసేది ఆ జత కుదిరితేనే.

స్విచ్ ఆగినా చుక్క కనిపిస్తూనే ఉంటుంది, ప్లాన్ మాత్రం రాదు. ఒక్కో ప్లాన్‌నూ చేత్తో ఎక్కించాలి. మార్గంలో ఒక్క అక్షరం తప్పు పడినా మళ్లీ మొదటికే. అందుకే విమానాలను ఆచితూచి వదులుతారు. ఆ ఆలస్యం ప్రయాణికుల క్షేమం కోసమే. కంట్రోలర్ల మీద విసుక్కోవడం అన్యాయం.

ఇక బ్యాకప్ సంగతి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. 2023 ఆగస్టు 28న బ్రిటన్‌లో ట్రాఫిక్ కంట్రోల్ చూసే ఎన్‌ఏటీఎస్ సంస్థ కంప్యూటర్‌కు ఒక ఫ్లైట్ ప్లాన్ వచ్చింది. అందులో మార్గంలోని చోటును సూచించే 'డీవీఎల్' అనే పేరు రెండుసార్లు ఉంది. ఒకటి ఫ్రాన్స్‌లోని డోవిల్, రెండోది అమెరికాలోని డెవిల్స్ లేక్. రెంటికీ మధ్య దాదాపు 4,000 నాటికల్ మైళ్లు. కంప్యూటర్ ఒకదాన్ని మరొకటనుకుంది, బ్రిటన్ గగనతలంలోని మార్గం తేల్చుకోలేకపోయింది. తప్పుడు వివరాలు ఇవ్వకూడదని పని ఆపేసింది. వెంటనే బ్యాకప్ అదే ప్లాన్ అందుకుంది. దానిలోనూ అదే సాఫ్ట్‌వేర్! 20 సెకన్లలోనే అదీ ఆగింది. 7 లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు.

సర్వర్ కాలిపోతే రెండో సర్వర్ ఆదుకుంటుంది. సాఫ్ట్‌వేర్‌లోనే లోపముంటే ఎన్ని సర్వర్లున్నా ఒకటే. అర్థంకాని ప్లాన్‌ను పక్కనపెట్టి మనిషి ముందుంచి, మిగతావాటిని నడిపించే ఏర్పాటు ఉండాలి. కొత్త వ్యవస్థ కొనేటప్పుడు తెరల సైజు కన్నా ముందు పరీక్షించాల్సింది ఇదేనని మా గట్టి అభిప్రాయం. చేత్తో స్ట్రిప్పులు (విమానం వివరాల చీటీలు) రాసి నడిపే సాధన కూడా కంట్రోలర్లకు తప్పకూడదు.

ప్రశ్న: శంషాబాద్‌లో ట్రాఫిక్ కంట్రోల్ కూడా ప్రైవేటు కంపెనీదేనా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: కాదు. విమానాశ్రయాన్ని నడిపేది జీఎంఆర్. గాల్లో విమానాలకు దారి చూపేది కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా.