గాలి తుపాకీకి కూడా లైసెన్సా?

(పాఠకుల ప్రశ్నలకు ఒక రైఫిల్ షూటింగ్ కోచ్ జవాబులు)

ప్రశ్న: కోచ్ గారూ, పాయింట్ టూ టూ పిసిపి (సిలిండర్‌లో ముందే ఒత్తిడితో గాలి నింపి పెట్టుకునే రకం) ఎయిర్ రైఫిల్ ఒకటి కొందామనుకుంటున్నాను. "మందుగుండు లేదు, గాలే కదా, లైసెన్సు అక్కర్లేదు" అంటున్నాడు అమ్మేవాడు. మా బావగారేమో కేసు అవుతుందని భయపెడుతున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: బావగారి మాటే వినండి. అమ్మేవాడి బాధ్యత డబ్బు చేతిలో పడేదాకానే. తర్వాత తుపాకీ ఉండేది మీ ఇంట్లో, జవాబు చెప్పుకోవలసింది మీరు.

"గాలే కదా" అన్న మాట రేంజిలో విని విని నా చెవులు తుప్పు పట్టాయి. 1780 ప్రాంతంలోనే ఆస్ట్రియా సైన్యం జిరాండోని అనే గాలి రైఫిల్‌ని యుద్ధానికి వాడింది. గాలితో మనిషిని చంపవచ్చని రెండు వందల ఏళ్ల కిందటే రుజువైపోయింది. అందుకే మన చట్టం మందుగుండు ఉందా లేదా అని ఆగిపోదు. పెల్లెట్, అంటే ఆ చిన్న గుండు, బ్యారెల్ దాటేటప్పుడు దానికి ఎంత శక్తి ఉంది, బ్యారెల్ బోరు, అంటే గొట్టం లోపలి వ్యాసం, ఎంత అని అడుగుతుంది.

మన దేశంలో 2016 ఆయుధ నియమాల ప్రకారం గీత ఇది: శక్తి 20 జౌళ్లు (జౌలు అంటే శక్తికి కొలమానం), బోరు 4.5 మిల్లీమీటర్లు, అంటే అంగుళాల్లో పాయింట్ వన్ సెవెన్ సెవెన్. రెండింటిలో ఏ ఒక్కటి దాటినా లైసెన్సు కావాలి. చాలామంది తడబడేది ఇక్కడే. "నాది పది జౌళ్లు కూడా రాదండీ" అంటారు. రాకపోవచ్చు. కానీ మీరు చెబుతున్న పాయింట్ టూ టూ బోరు 5.5 మిల్లీమీటర్లు. శక్తి లెక్క దాకా వెళ్లకుండానే అది గీత దాటేసింది.

లైసెన్సు కావాలంటే దరఖాస్తు చేయాలి, పోలీసు విచారణ జరగాలి. ఇచ్చేది మామూలుగా జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టరు, కమిషనరేట్ ఉన్న నగరాల్లో పోలీస్ కమిషనరు. వరుస మాత్రం గుర్తుంచుకోండి: ముందు కాగితం, తర్వాత తుపాకీ. "కొనేసి ఇంట్లో పెట్టుకుంటాను, లైసెన్సు మెల్లగా తెచ్చుకుంటాను" అంటే కుదరదు. 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు అవసరమైన ఆయుధాన్ని అది లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం, పేల్చనక్కర్లేదు.

అసలు మీకు అంత శక్తి ఎందుకో కూడా ఆలోచించుకోండి. పోటీల్లో వాడే పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పెల్లెట్ సుమారు అర గ్రాము, వేగం సెకనుకు 175 మీటర్ల దరిదాపు. అంటే 8 జౌళ్లు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచింది ఈ విభాగంలోనే. ఆ టార్గెట్ మీద పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. గురి నేర్చుకోవాలన్న కోరికైతే 4.5 మిల్లీమీటర్ల మామూలు రైఫిల్ మీకు ఏళ్ల తరబడి సరిపోతుంది. పెద్ద బోరు మోజు చప్పుడు మీద మోజే అని నా అనుమానం, కోపం తెచ్చుకోకండి.

ప్రశ్న: నా పిసిపి రైఫిల్ పాయింట్ వన్ సెవెన్ సెవెనే. డబ్బా మీద 20 జౌళ్లలోపే అని ఉంది. ఈమధ్య బరువైన పెల్లెట్లు వాడుతున్నాను, గురి బాగా కుదురుతోంది. పెల్లెట్ మార్చినంత మాత్రాన చట్టంతో చిక్కేమైనా వస్తుందా?

జవాబు: రావచ్చు. ఇంత మంచి ప్రశ్న నాకు అరుదుగా వస్తుంది, కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. పెల్లెట్ బరువు గ్రాముల్లో తీసుకోండి. వేగం సెకనుకు ఎన్ని మీటర్లో తీసుకుని దాన్ని దానితోనే గుణించండి. ఈ రెండింటినీ గుణించి 2000తో భాగిస్తే జౌళ్లు వస్తాయి.

మీ పాత పెల్లెట్ 0.52 గ్రాములు, వేగం 270 మీటర్లు అనుకుందాం. దాదాపు 19 జౌళ్లు వస్తుంది, గీత లోపలే. ఇప్పుడు 0.68 గ్రాముల పెల్లెట్ పెట్టారు, వేగం 245కి పడిపోయింది. లెక్క వేస్తే 20.4. వేగం తగ్గింది, శక్తి పెరిగింది, తుపాకీ గీత దాటింది. మీరు ఒక్క స్క్రూ కూడా తిప్పలేదు!

పిసిపిలో ఇలా ఎందుకు జరుగుతుందంటే, బరువైన పెల్లెట్ బ్యారెల్‌లో కాస్త నెమ్మదిగా కదులుతుంది. సిలిండర్ నుంచి వచ్చే గాలి దాన్ని ఇంకాస్త ఎక్కువసేపు నెడుతుంది. స్ప్రింగ్ బలంతో గాలిని నెట్టే రైఫిళ్లలో చాలావాటికి ఇది తిరగబడుతుంది, తేలిక పెల్లెట్‌తోనే ఎక్కువ శక్తి చూపిస్తాయి. అందుకే డబ్బా మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసే వేగాన్ని నేను పట్టించుకోను. ఆ అంకె తరచుగా అతి తేలిక పెల్లెట్‌తో తీసినది. ఏ బరువు పెల్లెట్‌తో కొలిచారో చెప్పని వేగానికి విలువ లేదు.

క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) దగ్గర కూర్చోండి. మీ క్లబ్బులో ఉంటే సరే, లేకపోతే ఉన్నచోటికి వెళ్లండి. మీ దగ్గరున్న ప్రతి రకం పెల్లెట్‌నీ పదేసి సార్లు పేల్చి, అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన అంకెను రాసుకోండి. సగటు కాదు, గరిష్ఠం. అది 20కి ఆనుకుని ఉంటే, శక్తి తగ్గించే పని తెలిసిన మెకానిక్‌కి ఇవ్వండి. వాల్వుల జోలికి మీరే వెళ్లకండి. రెండు వందల బార్ ఒత్తిడిలో ఉన్న సిలిండర్‌తో ప్రయోగాలు చేసేవాళ్లను నేను రేంజి నుంచి బయటికి పంపేసేవాడిని.

ప్రశ్న: మా అబ్బాయికి ఇంగ్లండులో ఉద్యోగం వచ్చింది. నా దగ్గరున్న 19 జౌళ్ల రైఫిల్‌కి ఇక్కడ లైసెన్సు లేదు, అవసరమూ లేదు. వాడితో పంపవచ్చా?

జవాబు: పంపకండి. ఇక్కడ గీత లోపల ఉన్నది అక్కడ గీత బయట పడుతుంది. ఇంగ్లండులో రైఫిల్‌కి హద్దు 12 అడుగు-పౌండ్లు, అంటే 16.3 జౌళ్లు. దాటితే పోలీసుల దగ్గర ఫైర్‌ఆర్మ్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఎందుకు కావాలో సరైన కారణం చూపాలి, ఇంట్లో భద్రంగా ఎక్కడ దాస్తారో చూపాలి. "సరదాగా" అంటే కారణం కింద ఒప్పుకోరు. పిస్టల్‌కైతే హద్దు ఇంకా తక్కువ, 6 అడుగు-పౌండ్లే.

రేపు ఉద్యోగం స్కాట్లండుకి మారిందనుకోండి, కథ మళ్లీ మొదటికొస్తుంది. అక్కడ 2016 డిసెంబరు 31 నుంచి మామూలు ఎయిర్ రైఫిల్‌కి కూడా సర్టిఫికెట్ ఉండాలి. ఉత్తర ఐర్లండులో 1 జౌలు దాటితే చాలు, ఆయుధం కిందే లెక్క. జర్మనీలో 7.5 జౌళ్లలోపు ఉండి, ఐదు మూలల గడిలో ఎఫ్ అక్షరం ముద్ర ఉంటే పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు లైసెన్సు లేకుండా కొనుక్కోవచ్చు. కెనడావాళ్లది వింత లెక్క. వేగం సెకనుకు 500 అడుగులు, శక్తి 5.7 జౌళ్లు, ఈ రెండూ దాటితేనే లైసెన్సు అడుగుతారు. అమెరికా కేంద్ర చట్టం ఎయిర్ గన్‌ని అసలు ఫైర్‌ఆర్మ్‌గానే లెక్కపెట్టదు, కానీ న్యూజెర్సీ లాంటి రాష్ట్రాలు లెక్కపెడతాయి. ఒక దేశపు నియమాన్ని ఇంకో దేశంలో నమ్ముకోకండి. అబ్బాయికి అంత ఆసక్తి ఉంటే అక్కడి క్లబ్బులో చేరి, అక్కడి రైఫిల్‌తోనే ఆడుకోమనండి.

ప్రశ్న: లైసెన్సు అక్కర్లేని ఎయిర్ గన్‌తో పెరట్లోకి వచ్చే పక్షుల్ని కొట్టవచ్చు కదా? పంట పాడు చేస్తున్నాయి.

జవాబు: కొట్టకూడదు. తుపాకీకి లైసెన్సు అక్కర్లేదంటే వేటకు అనుమతి ఉందని కాదు, అవి రెండు వేర్వేరు చట్టాలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మీరు దేనితో కొట్టారని చూడదు, దేన్ని కొట్టారని చూస్తుంది. అరుణాచల్ ప్రదేశ్‌లో పక్షుల వేట మితిమీరిందనే 2021లో ఎయిర్ గన్‌లు అప్పగించే ఉద్యమం మొదలుపెట్టారు. వెయ్యికి పైగా తుపాకులను జనమే తెచ్చి ఇచ్చారు. పైగా గురి తప్పిన పెల్లెట్ గోడ దగ్గర ఆగదు, పక్కింటి పిల్లవాడి కంటిదాకా పోతుంది. పంట మీద వల కప్పండి.