జీవ గడియారంపై పరిశోధన: బైపీసీ అమ్మాయికి దారి ఏది?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ. నీట్‌కు చదువుతూనే, నిద్రను, మెలకువను నడిపే జన్యువులపై పరిశోధన చేస్తానంటోంది. ఆ కోర్సు ఎక్కడ ఉంది? భవిష్యత్తు ఉంటుందా? – ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: నిద్ర, మెలకువల రోజువారీ లయను నడిపే ఏర్పాటును జీవ గడియారం అంటారు. ఆ పేరుతో డిగ్రీ కోసం వెతకకండి. డిగ్రీలో జీవశాస్త్రం గట్టిగా చదివి, పీహెచ్‌డీలో ఈ అంశాన్ని ఎంచుకోవాలి. ముందుగా ఆ పని ఎలా ఉంటుందో అమ్మాయికి తెలియాలి.

సన్నని గాజు గొట్టంలో ఒక చివర ఆహారం, లోపల ఒకే ఒక్క పండ్ల ఈగ. మధ్యలో కంటికి కనిపించని పరారుణ కిరణం. ఈగ దాన్ని దాటిన ప్రతిసారీ కంప్యూటర్ లెక్క రాసుకుంటుంది. రోజుల తరబడి చీకట్లో ఉంచినా ఈగ ఇంచుమించు 24 గంటల లయ తప్పదు. 1971లో అమెరికాలోని కాల్‌టెక్‌లో రొనాల్డ్ కొనోప్కా, సీమోర్ బెంజర్ అనే శాస్త్రవేత్తలు ఈగల ఒకే జన్యువులో మూడు రకాల మార్పులు గుర్తించారు. ఒకదానితో ఈగ రోజు 19 గంటలకు కుదించుకుపోయింది, మరోదానితో 28 గంటలకు సాగింది, మూడోదానితో లయే లేకుండా పోయింది. ఆ జన్యువుకు పీరియడ్ అని పేరు. అది తయారుచేసే పెర్ ప్రోటీన్ రాత్రివేళ పేరుకుని, టిమ్ అనే మరో ప్రోటీన్‌తో జతకట్టి కేంద్రకంలోకి వెళ్లి, తనను పుట్టించిన జన్యువునే అణచివేస్తుంది. పెర్ క్రమంగా నశించాక జన్యువు మళ్లీ పని మొదలుపెడుతుంది. ఈ యంత్రాంగాన్ని విప్పిచెప్పిన హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చింది. అప్పటికి కొనోప్కా జీవించి లేరు. ఆయనకూ ఆ గౌరవం దక్కి ఉండాల్సిందని నాకు అనిపిస్తుంది.

ఇక దారి. ఐసర్లు కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థలు. తిరుపతి ఐసర్‌తో సహా అన్ని ఐసర్లలో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది. ప్రవేశపరీక్ష ఐఏటీలో 60 ప్రశ్నలు, వాటిలో 15 గణితానివి. బైపీసీ వారు రాయవచ్చు. అయితే సీటు వచ్చాక కూడా గణితం వదలదు. ఈగల కదలికల లెక్కల్లోంచి లయను పట్టుకోవాలంటే గణాంకశాస్త్రం కావాలి. సీటు రాకపోతే మంచి కళాశాలలో బీఎస్సీ చేసి, జామ్ అనే జాతీయ ప్రవేశపరీక్ష రాసి ఎమ్మెస్సీకి వెళ్లవచ్చు. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధన కేంద్రంలో ఈగల జీవ గడియారంపై ఏళ్లుగా పరిశోధన సాగుతోంది.

ఆదాయం సంగతి దాచను. పీహెచ్‌డీ పూర్తయ్యేసరికి అమ్మాయికి ఇరవై ఎనిమిది దాటవచ్చు. జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక ఉపకార వేతనం వస్తే మొదట నెలకు రూ.37,000. ఆ తర్వాత పోస్ట్ డాక్టరేట్ అనే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, ఆపైన అధ్యాపక ఉద్యోగానికి గట్టి పోటీ. ఔషధ పరిశోధన సంస్థల్లోనూ అవకాశాలున్నాయి. ఇంట్లో తొందరగా సంపాదన అవసరమైతే ఆ మాట ఆమెతో ఇప్పుడే చెప్పండి.

నీట్ మానిపించకండి, ఐఏటీ కూడా రాయించండి. రెండింటికీ భౌతిక, రసాయన, జీవశాస్త్రాలే కాబట్టి అదనపు భారమల్లా గణితమే. రోజూ ఓ గంట దానికి కేటాయించేలా చూడండి. ఫలితాలు వచ్చాక ఏ సీటు తీసుకోవాలో ఆమెనే నిర్ణయించనివ్వండి.