విదేశీ కంపెనీకి మారితే జీతం తేడా పోతుందా?

ప్రశ్న: నాతోపాటు ఒకే రోజు చేరిన అబ్బాయికి నాకంటే ఎక్కువ జీతం ఇస్తున్నారు. విదేశీ కంపెనీల్లో ఈ తేడా ఉండదంటున్నారు స్నేహితులు. నిజమేనా మేడమ్?

జవాబు: సగం నిజమమ్మా. విదేశీ యాజమాన్యాలు సాధారణంగా స్వదేశీ కంపెనీలకంటే ఎక్కువే ఇస్తాయి. చాలాచోట్ల ఆడవాళ్లను ఎక్కువమందినే చేర్చుకుంటాయి కూడా. కానీ నీ జీతం పెరగడం వేరు, పక్క సీటు అతనితో తేడా పోవడం వేరు.

నేను రెండు రకాల కంపెనీల్లోనూ హెచ్.ఆర్.లో చేశాను. విదేశీ కంపెనీలో కొత్తగా చేరినవాళ్ల జాబితా చూస్తే ముచ్చటేసేది. ప్రమోషన్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం, హెడ్డాఫీసు పగటివేళకు మన అర్ధరాత్రి ఫోన్ ఎత్తేవాళ్లకే పెద్దపీట. చంటిబిడ్డ తల్లి ఎత్తగలదా? (తండ్రి ఎలా ఎత్తగలిగాడని ఎవరూ అడగరు!) నార్వే పరిశోధనలో కూడా, విదేశీ కొనుగోలుదారుల వేళలకు అందుబాటులో ఉండాల్సిన ఎగుమతి సంస్థల్లోనే స్త్రీపురుషుల జీతాల తేడా ఎక్కువని తేలింది. వేళాపాళా లేని కొలువులకే పెద్ద జీతాలు ఎందుకు దక్కుతాయో వివరించిన క్లాడియా గోల్డిన్‌కు 2023లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఇంటర్వ్యూలో పాత జీతం చెప్పకుండా ఉండగలిగితే చెప్పకు. దానిమీదే శాతం కట్టి ఇస్తే పాత అన్యాయం నీ వెంటే వస్తుంది. ఐరోపా సమాఖ్య 2023 నాటి ఆదేశం ఆ ప్రశ్న అడగడాన్నే నిషేధించింది. ఆ పోస్టుకు కనిష్ఠం, గరిష్ఠం ఎంతో నువ్వే అడుగు. రాత్రి కాల్స్ వారానికెన్నో, మేనేజర్లలో ఆడవాళ్లెందరో కూడా. నేను మటుకు ఇవేవీ అడక్కుండానే చేరిపోయాను.