మేస్త్రి నీళ్ళు ఎక్కువ పోయిస్తున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: వచ్చే వారం మా ఇంటి శ్లాబు వేస్తున్నారు. పిల్లర్లు పోసినప్పుడు మేస్త్రిగారు కాంక్రీటు జావలా జారేదాకా నీళ్ళు పోయించారు. అడిగితే, "గట్టిగా ఉంటే మూలల్లోకి దిగదమ్మా, సిమెంటు బాగానే వేశాం కదా" అన్నారు. పెద్దాయన, కాదనలేకపోయాను. నీళ్ళు ఎక్కువైతే నిజంగా నష్టమా? చువ్వలు కూడా కొంచెం తుప్పు పట్టాయి. ఇటుకలు ఎంతసేపు నానాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: నష్టమేనమ్మా. శ్లాబు రోజు నేను సైటుకు వెళితే ముందు చూసేది నీళ్ళ డ్రమ్మునే. సిమెంటు గట్టిపడేది నీటితో జరిగే రసాయన చర్య వల్ల. 50 కిలోల సంచికి ఆ చర్యలో కలిసిపోయే నీళ్ళు సుమారు 12 లీటర్లే. కలపడానికి, పోయడానికి వీలుండాలి కాబట్టి 25 దాకా పోస్తాం. ఆపైన పోసినవి కాంక్రీటులో ఊరికే ఉండి, తర్వాత ఆవిరై, సన్నటి రంధ్రాలు మిగిల్చి పోతాయి. నీళ్ళకూ సిమెంటుకూ ఉన్న నిష్పత్తే బలాన్ని నిర్ణయిస్తుందని డఫ్ ఏబ్రమ్స్ అనే అమెరికన్ ఇంజనీరు 1918లోనే చూపించారు. 25 లీటర్లకు బదులు 30 పోస్తే బలం దాదాపు ఐదో వంతు పడిపోతుంది. ఆ రంధ్రాల గుండానే రేపు చెమ్మ చువ్వల దాకా చేరుతుంది.

మీ మేస్త్రిగారి భయంలోనూ నిజముంది. కాంక్రీటు మరీ గట్టిగా ఉంటే చువ్వల మధ్యకు దిగదు, లోపల గుల్లలు మిగులుతాయి. నూటికి 5 వంతులు గాలి మిగిలిపోయినా బలం 30 శాతం దాకా తగ్గుతుంది. దానికి మందు వైబ్రేటర్, అంటే కాంక్రీటును అదిరించి గాలిని బయటికి పంపే యంత్రం. అప్పటికీ పని సాగకపోతే ప్లాస్టిసైజర్ అనే రసాయనం కలపమనండి. నీళ్ళు పెంచకుండానే కాంక్రీటు జారుతుంది. ఆయనకు ఎదురు చెప్పినట్టు కాకుండా, ముందురోజే కొలత బకెట్ ఒకటి తెచ్చి "సంచికి ఇన్ని" అని ఇద్దరూ అనుకోండి. మిక్సర్ తిరుగుతుండగా వాదనకు దిగితే ఎవరూ వినరు.

చాలామంది మరిచిపోయేది ఇసుక. తడి ఇసుకలో నూటికి 5 వంతులు నీళ్ళున్నాయనుకుంటే, సంచి సిమెంటుకు పడే ఇసుకలోనే సుమారు 4 లీటర్లు దాగి ఉంటాయి. వాటిని డ్రమ్ము లెక్కలోంచి తగ్గించాలి. పైగా చెమ్మగా ఉన్న ఇసుక ఉబ్బుతుంది. పెట్టెతో కొలిస్తే పెట్టె నిండినట్టే ఉంటుంది, ఇసుక మాత్రం తక్కువ పడుతుంది. గాజుసీసాలో సగందాకా చెమ్మ ఇసుక వదులుగా పోసి గుర్తు పెట్టండి. నిండా నీళ్ళు పోసి కలిపి, పేరుకున్నాక చూడండి. గుర్తుకంటే ఇసుక ఎంత దిగిందో అంత ఉబ్బు ఉందన్నమాట. పైన తేలిన మట్టిపొర మందంగా కనిపిస్తే ఆ ఇసుకను శ్లాబుకు వాడనివ్వకండి.

పోసేటప్పుడు నీళ్ళ దగ్గర ఎంత పిసినారితనం చూపితే, పోశాక అంత ఉదారంగా ఉండాలి. శ్లాబు గట్టిపడగానే మడులు కట్టి నీళ్ళు నిలపండి. కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ (బొగ్గు కాల్చగా మిగిలే సన్నటి బూడిద) కలిసిన సిమెంటైతే 10 రోజులు ఎండనివ్వకండి. పిల్లర్లకు గోనెపట్టాలు చుట్టి తడుపుతూ ఉండండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చల్లి ఊరుకుంటే మధ్యాహ్నం ఎండకు అంతా ఆరిపోతుంది.

చువ్వల సంగతి: పైపైన ఎర్రగా ఉన్న పలుచని తుప్పుతో భయం లేదు. పొరలుగా రాలుతుంటే మాత్రం వైరు బ్రష్‌తో రుద్దించాలి, చువ్వ సన్నబడి ఉంటే పక్కన పెట్టేయాలి. అంతకంటే ప్రమాదం, శ్లాబు కింద అచ్చుగా పరిచే సెంట్రింగ్ రేకులకు పూసే నూనె చువ్వలకు అంటడం. అంటితే కాంక్రీటు వాటిని పట్టుకోదు. చువ్వల కింద ఎత్తుకు పెట్టే కవరు బిళ్ళలు లేకుండా వాటిని రేకుల మీదే ఆనించడాన్ని కూడా ఒప్పుకోకండి.

కాల్చిన ఇటుకలను నీళ్ళలో వేశాక బుడగలు ఆగేదాకా నాననివ్వండి. లేకపోతే సిమెంటు మాలులోని నీటిని అవే పీల్చేసుకుంటాయి. తీశాక పైతడి ఆరనిచ్చి కట్టాలి. ఏఏసీ దిమ్మెలైతే (లోపల గాలి బుడగలుండే తేలికపాటి కాంక్రీటు దిమ్మెలు) నానబెట్టొద్దు, పైన కొంచెం నీళ్ళు చిలకరిస్తే చాలు.